పరీక్ష రాసినోళ్ళ లెక్క చాలదు, చేరినోళ్ళ లెక్క కావాలి

పోస్టు పెద్దదే. కానీ డిగ్రీ, పీజీ చదువుతున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, చదివి బయటికొచ్చిన అన్నలూ అక్కలూ, ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. ఇది మన గురించే.

మొన్న రిజల్ట్స్ వచ్చాక మా కాలేజీ గేటుకు ఫ్లెక్సీ కట్టారు. ఫైనలియర్ పాస్ పర్సంటేజీ ఇంత అని పెద్ద అక్షరాలతో వేశారు. సంతోషమే, అందులో మేమూ ఉన్నాం. దాని కింద ఫొటో దిగుతుంటే ఎవరో అన్నారు, "మన రూమోళ్ళు అందరూ ఉంటే బాగుండేది రా" అని. అప్పుడు లెక్కపెట్టుకున్నాం. ఫస్టియర్‌లో మా హాస్టల్ రూములో తొమ్మిదిమందిమి. ఇప్పుడు నలుగురం. మిగతా ఐదుగురు పాసైనోళ్ళ లిస్టులో లేరు, ఫెయిలైనోళ్ళ లిస్టులో కూడా లేరు. పరీక్ష దాకా వస్తే కదా ఏదో ఒక లిస్టులో ఉండడానికి!

ఆ ఐదుగురు ఎక్కడికి పోయారు అనేది ఒక ప్రశ్న. వాళ్ళు లేకుండానే కాలేజీకి అంత మంచి పర్సంటేజీ ఎట్లా వచ్చింది అనేది రెండో ప్రశ్న. ముందు రెండోది చూద్దాం.

కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ ఇన్నేళ్ళుగా అడుగుతున్న లెక్కల్లో ఒకటి ఫైనలియర్ పాస్ పర్సంటేజీ. ఫైనలియర్ పరీక్షకు హాజరైనవాళ్ళలో ఎంతమంది పాసయ్యారు అన్నదే ఆ లెక్క. ఉదాహరణకు ఒక బ్యాచ్‌లో 60 మంది చేరారు అనుకోండి. మూడేళ్ళలో 24 మంది మధ్యలో మానేశారు. మిగిలిన 36 మంది పరీక్ష రాస్తే 33 మంది పాసయ్యారు. న్యాక్ లెక్కలో అది 91 శాతం పైమాటే. అదే చేరిన 60 మందిలో చూస్తే 55 శాతం. రెండూ నిజమైన అంకెలే. కాకపోతే ఫ్లెక్సీ మీదికి మొదటిదే ఎక్కుతుంది.

2016 నుంచి ర్యాంకులు ఇస్తున్న ఎన్ఐఆర్ఎఫ్ లెక్క దీనికన్నా కొంచెం నయం. కోర్సుకు నిర్ణయించిన కాలంలో ఎంతమంది పాసై బయటికొచ్చారు అని అది అడుగుతుంది. అయితే అందులో ఒక మెలిక ఉంది. 80 శాతం మంది సకాలంలో పాసైతే చాలు, ఆ అంశానికి యూనివర్సిటీకి పూర్తి మార్కులు వచ్చేస్తాయి. మిగతా 20 మంది మానేసినా దానికి పోయే మార్కు ఏమీ లేదు. ఇప్పుడు ఆలోచించండి, నూటికి ఏడుగురో ఎనిమిదిమందో ఎస్టీలు ఉండే క్లాసులో మనోళ్ళందరూ మానేసినా ఆ 20లోనే కలిసిపోతారు. ర్యాంకు చెక్కు చెదరదు.

ఇక ఉన్నత విద్య మీద కేంద్రం చేసే సర్వే ఐష్. 2021-22 రిపోర్టు ప్రకారం దేశం మొత్తం మీద ఉన్నత చదువుల్లో ఉన్న ఎస్టీ విద్యార్థులు దాదాపు 27 లక్షలు. 18 నుంచి 23 ఏళ్ళ వయసువారితో పోల్చి చూసే నమోదు రేటు అందరికీ 28.4 శాతం ఉంటే ఎస్టీలకు 21.2 శాతం. అంకె ఏటేటా పెరుగుతోంది, మంచిదే. కానీ అది చేరికల లెక్క. గుమ్మం దాటి లోపలికి వచ్చినోళ్ళను చెబుతుంది, ఎంతమంది పట్టా పట్టుకుని వెళ్ళారో చెప్పదు.

మానేసినోళ్ళ లెక్క అస్సలు లేదా అంటే, అప్పుడప్పుడూ పార్లమెంటులో ఎవరైనా అడిగితే బయటికొస్తుంది. 2023 డిసెంబరులో లోక్‌సభలో ఇచ్చిన జవాబు ప్రకారం అంతకుముందు ఐదేళ్ళలో సెంట్రల్ యూనివర్సిటీల నుంచి 2,622 మంది, ఐఐటీల నుంచి 408 మంది, ఐఐఎంల నుంచి 91 మంది ఎస్టీ విద్యార్థులు మధ్యలో వెళ్ళిపోయారు. ఉన్నత విద్యలో విద్యార్థులకు చాలా అవకాశాలుంటాయి, ఒక సంస్థ నుంచి ఇంకో సంస్థకు, ఒక కోర్సు నుంచి ఇంకో కోర్సుకు మారుతుంటారు అన్నది ప్రభుత్వం చెప్పిన మాట. నిజంగా కొందరు మారి ఉండొచ్చు. మంచి సీటు వస్తే ఎవరైనా పోతారు. కానీ ఎంతమంది మారారు, ఎంతమంది మూటాముల్లె సర్దుకుని ఇంటికి పోయారు అని విడదీసి చెప్పకపోతే ఆ జవాబు వల్ల మనకేం లాభం?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. మా రూములో ఐదుగురు.

ఒకడిది గోదావరి అవతల ఊరు. ఆగస్టులో ఊరికి పోయాడు, వాగు పొంగింది, రెండు వారాలు దారి లేదు. వెంటనే జ్వరం. తిరిగొచ్చేసరికి హాజరు 75 శాతం కిందికి పడిపోయింది. హాజరు లేకపోతే స్కాలర్‌షిప్ రాదు, కండోనేషన్ ఫీజు కట్టకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. సంక్రాంతికి పోయినవాడు మిరపతోటల పనికి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు.

రెండోవాడు ఇంటర్‌లో మా అందరికన్నా మంచి మార్కులు తెచ్చుకున్నోడు. ఇంట్లో కోయ, ఆశ్రమ పాఠశాలలో తెలుగు, ఇక్కడికొచ్చాక అన్నీ ఇంగ్లీషు. లెక్చరర్ చెప్పేది నోట్స్ రాసుకునేలోపు ఇంకో పేజీ తిప్పేవారు. రెమెడియల్ క్లాసులు నోటీసు బోర్డులో ఉండేవి. టైము మాత్రం చివరి బస్సు పోయాక. ఆ క్లాసు జరిగినట్టు రిజిస్టర్లో సంతకాలు కూడా ఉన్నాయి.

మూడోవాడికి నాలుగు వేల మెస్ బాకీ. స్కాలర్‌షిప్ పడగానే కడతానన్నాడు. పడలేదు. హాల్ టికెట్ ఇవ్వలేదు. నాలుగోవాడికి నాన్న పోయాడు. దినాలకని వెళ్ళి, పోడు పని ఆగిపోతుందని అక్కడే ఉండిపోయాడు. మరుసటి ఏడు తిరిగొచ్చి అడిగితే రెగ్యులేషన్ మారింది, సిలబస్ మారింది, యూనివర్సిటీకి అప్లికేషన్ పెట్టుకో అన్నారు. నాలుగుసార్లు తిరిగాడు, ప్రతిసారీ సెక్షన్ క్లర్క్ సెలవు. ఇక తిరగలేదు.

ఐదోవాడు ఎందుకు పోయాడో మాకూ తెలీదు.

ఈ ఐదుగురికీ కాలేజీ రికార్డులో ఒకటే కారణం ఉంటుంది: వ్యక్తిగత కారణాలు. వాగు, భాష, బాకీ, బస్సు టైము, క్లర్క్ సెలవు. ఇవన్నీ మనోళ్ళ వ్యక్తిగతమా?

వీక్ స్టూడెంట్స్ మానేస్తే మేమేం చేస్తాం అని సార్లు కొందరు అంటారు. దానికి జవాబు దూరంగా, అమెరికాలో దొరుకుతుంది. సిటీ యూనివర్సిటీ ఆఫ్ న్యూయార్క్ వాళ్ళు 2007లో తమ రెండేళ్ళ కాలేజీల్లో పేద పిల్లల కోసం ఆసాప్ అనే కార్యక్రమం పెట్టారు. అక్కడ కూడా సగానికి పైగా మధ్యలోనే పోయేవాళ్ళు. ఆసాప్‌లో ఏమిచ్చారు? స్కాలర్‌షిప్ పోను మిగిలిన ఫీజు కట్టారు, పుస్తకాలు ఇచ్చారు, సిటీ బస్సు, రైలు పాసు ఇచ్చారు. తరచుగా కలిసి మాట్లాడే సలహాదారుణ్ణి పెట్టారు. అర్హులైన విద్యార్థులను చీటీలు తీసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఈ సాయం ఇచ్చి, రెండో గుంపుకు మామూలు సౌకర్యాలే ఉంచి ఎండీఆర్‌సీ అనే సంస్థ పరిశీలించింది. మూడేళ్ళలో డిగ్రీ పూర్తి చేసినవాళ్ళు మామూలు గుంపులో 22 శాతం, సాయం అందిన గుంపులో 40 శాతం. రెండు గుంపుల్లోనూ ఉన్నది అదే రకం పిల్లలు, అవే మార్కులు. మారింది కాలేజీ చేసిన పనే.

అట్లాంటాలోని జార్జియా స్టేట్ యూనివర్సిటీ ఇంకో పని చేసింది. కొద్దిపాటి ఫీజు బాకీతో పేరు కొట్టేయబోతున్న విద్యార్థులను యూనివర్సిటీయే వెతికి పట్టుకుని, ఆ బాకీకి చిన్న గ్రాంటు ఇవ్వడం 2011లో మొదలుపెట్టింది. వాళ్ళు దరఖాస్తు పెట్టుకునేదాకా ఆగలేదు. మా మూడోవాడి నాలుగు వేలు గుర్తొచ్చి చాలా బాధేసింది. అమెరికా డబ్బు మన దగ్గర లేదు నిజమే. కానీ నాలుగు వేలు ఏ యూనివర్సిటీ దగ్గర లేవు?

మన దగ్గర జరిగే ప్రమాదం ఇంకోటి ఉంది. పర్సంటేజీ పెంచమని పైనుంచి ఒత్తిడి వచ్చినప్పుడు రెండు దారులుంటాయి. ఒకటి పాఠం బాగా చెప్పడం. రెండోది పాసవ్వరు అనుకున్నవాళ్ళను హాజరు పేరుతో ముందే ఆపేయడం. రెండోది సులువు. అట్లాగే 2020 జాతీయ విద్యావిధానంలో ఏడాదికి సర్టిఫికెట్, రెండేళ్ళకు డిప్లొమా ఇచ్చి పంపే పద్ధతి వచ్చింది. తిరిగొచ్చి చదువుకునే దారి నిజంగా తెరిచి ఉంటే అది మనలాంటి వాళ్ళకు మేలే. నాలుగోవాడిలాగా తలుపు దగ్గరే తిప్పి పంపిస్తే మాత్రం, నిన్నటిదాకా డ్రాపవుట్ అన్నదాన్ని రేపటి నుంచి ఎగ్జిట్ అంటారు, అంతే.

మన గ్రూపులోనే ఒక అన్న అడిగారు, "ఈ లెక్కలన్నీ బయటపెడితే ఎస్టీలు చదవలేరు అని ఎగతాళి చేయరా?" అని. ఆ భయం మాకూ ఉంది. క్లాసులో ఆ మాటలు విన్నోళ్ళమే. కానీ అన్నా, లెక్క లేనప్పుడు కూడా ఆ మాట అంటూనే ఉన్నారు. లెక్క ఉంటే ఏ సెమిస్టర్లో, ఏ కారణంతో పోయారో తెలుస్తుంది. అప్పుడు చూపించాల్సిన వేలు పిల్లోడి మీద కాకుండా, ఆగిన స్కాలర్‌షిప్ మీద, లేని హాస్టల్ సీటు మీద పడుతుంది. పేర్లు బయటపెట్టమని మేం అనడం లేదు, అంకెలు పెట్టమంటున్నాం.

అందుకే యూనివర్సిటీలనూ, ఐటీడీఏ పీఓలనూ మనం కలిసి అడగాల్సినవి ఇవి:

1. ప్రతి బ్యాచ్‌కూ చేరినవాళ్ళెందరు, సెమిస్టర్ వారీగా మిగిలినవాళ్ళెందరు, సకాలంలో పాసైనవాళ్ళెందరు అన్నది ఏటా నోటీసు బోర్డులో పెట్టాలి. ఎస్టీ అని ఒకే గడిలో వేయకుండా తెగల వారీగా చూపాలి. చెంచు, కొలాం, తోటి, కొండరెడ్డి పిల్లలు ఎంతమంది వస్తున్నారో, ఎంతమంది ఉంటున్నారో అప్పుడే తెలుస్తుంది.

2. ఫస్టియర్‌లో వరుసగా పది రోజులు రాకపోతే ఎవరో ఒకరు ఫోన్ చేయాలి. ఎవరు చేయాలో పేరు రాసి ఉండాలి.

3. బాకీ పేరుతో హాల్ టికెట్ గానీ సర్టిఫికెట్ గానీ ఆపొద్దు. చిన్న బాకీలకు ఎస్సీ ఎస్టీ సెల్ దగ్గర ఒక నిధి ఉండాలి.

4. వరదలకు దారులు తెగిన ఊళ్ళ పిల్లలకు ఎమ్మార్వో ధృవీకరణ మీద హాజరు మినహాయింపు ఇవ్వాలి.

5. రెమెడియల్ క్లాసులు కాలేజీ టైములోనే పెట్టాలి, మొదటి సెమిస్టర్లోనే మొదలుపెట్టాలి.

6. మానేసినవాళ్ళు తిరిగొస్తే ఒకే కిటికీ దగ్గర, ఒకే దరఖాస్తుతో చేర్చుకోవాలి.

ఇవన్నీ వాళ్ళను అడగడం సరే, మనం ఏం చేశాం? ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. సీటొచ్చినోళ్ళ ఫొటోలు గ్రూపులో పెడతాం, ఉద్యోగం వచ్చినోళ్ళకు దండలు వేస్తాం. మానేసినోడి ఊసు ఎత్తం. ఐదోవాడికి మేం రెండుసార్లు ఫోన్ చేశాం, స్విచ్ఛాఫ్ వచ్చింది, ఊరుకున్నాం. ఒకే రూములో ఏడాది పాటు ఒకే కంచంలో తిన్నోళ్ళం. కాలేజీ వాడి పేరు కొట్టేస్తే, మేం మర్చిపోయాం. తేడా ఏముంది?

కాబట్టి పని మన దగ్గర్నుంచే మొదలుపెడదాం. ప్రతి హాస్టల్లో ఒక సీనియర్ ఒక నోటుబుక్కు పెట్టండి. ఈ ఏడాది ఫస్టియర్‌లో చేరిన మనోళ్ళ పేరు, ఊరు, ఇంటివాళ్ళ ఫోన్ నంబరు రాయండి. ఆ పుస్తకం మీ దగ్గరే ఉండాలి, గ్రూపులో పెట్టొద్దు. నెలకోసారి చూసుకోండి. ఎవరు కనబడకపోయినా అదే వారం వాకబు చేయండి. ఏడాది చివర అంకెలు మాత్రం ఇక్కడ పెట్టండి. పదిహేను హాస్టళ్ళ అంకెలు చేతిలో ఉంటే పీఓ గారి ముందు కూర్చుని మాట్లాడొచ్చు. ఉత్త బాధ పట్టుకుని పోతే వినతిపత్రం తీసుకుని పంపించేస్తారు.

వచ్చే ఆదివారం మేం నలుగురం ఐదోవాడి ఊరికి పోతున్నాం. ఇంకా అడ్మిషన్లు జరుగుతున్నాయి. వాడు వస్తానంటే ఎట్లా చేర్పించాలో, ఎవరిని కలవాలో తెలిసిన అన్నలు, అక్కలు కింద రాయండి.

జోహార్లతో,
మీ హాస్టల్ తమ్ముళ్ళు