ఊరందరికీ మలేరియా మందు: ఎప్పుడు, ఎంతవరకు?

జ్వరం లేనివాళ్లకు మలేరియా మాత్రలు మింగించడం పైకి దుబారాగానే కనిపిస్తుంది. కానీ ఫాల్సిపారం మలేరియా పాతుకుపోయిన చోట పరాన్నజీవిని మోస్తున్న చాలామందికి ఒళ్లు వెచ్చబడదు. వాళ్లను కుట్టిన దోమ దాన్ని ఇంకొకరికి చేరవేస్తుంది. ఊరంతటికీ ఒకేసారి పూర్తి మోతాదు ఇవ్వడం అందుకే. సియెర్రా లియోన్‌లో ఎబోలా చెలరేగిన వేళ, 2014 డిసెంబరులో, మళ్లీ 2015 జనవరిలో, ఆర్టిసునేట్-అమోడయాక్విన్ అనే మలేరియా మందును ఇరవై లక్షల మందికి పైగా పంచారు. రెండు జబ్బులూ జ్వరంతోనే మొదలవుతాయి. మలేరియా రోగిని ఎబోలా అనుమానితుల మధ్య పడుకోబెడితే లేని జబ్బు అంటుకోవచ్చు. ఆ భయంతో జనం ఆసుపత్రి గడప తొక్కడం మానేశారు. పంపిణీ తర్వాత మలేరియా కేసులు తగ్గాయి, కొన్ని వారాలపాటే. ఆ కొన్ని వారాలే అప్పుడు కావలసింది.

ఫలితం నిలవదన్నది ఈ పద్ధతిపై పాత ఫిర్యాదు. నిజమే. 1970లలో నైజీరియాలోని గార్కిలో ఇళ్లలో దోమల మందు చల్లి, పదేపదే మాత్రలు పంచినా వ్యాప్తి తెగలేదు. ఆపగానే మలేరియా తిరిగొచ్చింది. వనువాటులోని చిన్న దీవి అనీత్యుమ్‌లో మాత్రం 1991లో తొమ్మిది వారాలు మందులిచ్చి, దోమతెరలు కట్టించి ఫాల్సిపారాన్ని వదిలించుకున్నారు. చుట్టూ సముద్రం, లోపల కొన్ని వందల జనం, అందరి సహకారం ఉన్నందువల్ల అది సాధ్యమైంది. కాబట్టి మహమ్మారి తల వంచించడానికి ఇది పనికొస్తుంది, ఏళ్ల తరబడి నడిపే పథకంగా పనికిరాదు. మందుకు లొంగని మలేరియా పుడుతుందన్న భయానికీ ఇందులోనే జవాబుంది. థాయ్-కంబోడియా సరిహద్దులోని పైలిన్‌లో ఒకప్పుడు ఉప్పులో మలేరియా మందు కలిపి పంచారు. చాలీచాలని మోతాదు ఒంట్లో రోజూ ఉండిపోయింది. అక్కడే మొండి పరాన్నజీవులు తలెత్తాయి. పూర్తి మోతాదు రెండు మూడు విడతలిచ్చి ఆపేయడం వేరు.

నన్ను ఎక్కువగా తొలిచేది భద్రత. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఇచ్చే మందుకు కొలత కఠినంగా ఉండాలి. అమోడయాక్విన్‌తో నీరసం, వాంతులు మామూలే, వాటిని ముందే చెప్పి, వద్దన్నవాళ్లను వదిలేయాలి. ఫాల్సిపారం వ్యాప్తిని ఆపడానికి ప్రైమాక్విన్ అనే మందు కిలో బరువుకు 0.25 మి.గ్రా. చొప్పున ఒక్కసారి ఇస్తే చాలు, అంతవరకు జీ6పీడీ ఎంజైమ్ లోపానికి పరీక్ష లేకుండా ఇవ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. కాలేయంలో దాక్కునే మరో రకం మలేరియా, వైవాక్స్‌కు అదే మందు మామూలుగా పద్నాలుగు రోజులు కావాలి. జీ6పీడీ లోపమున్నవారిలో అన్ని రోజుల మందు ఎర్రరక్తకణాలను చిట్లగొడుతుంది. మన ఏజెన్సీలో వైవాక్స్ ఉంది, ఆ లోపమూ గిరిజనుల్లో ఉంది. జీ6పీడీ పరీక్ష ఉపకేంద్రం దాకా చేరనంతవరకు మన్యంలో ఊరందరికీ పద్నాలుగు రోజుల మందు పంచాలనడం తొందరపాటే.