తోడిన చోటికే చేరాలి!

విమానాన్ని ఇంటి షెడ్డులో సొంతంగా తయారుచేసుకోవడం అమెరికాలో ఎందరికో సరదా. డిజైన్ కాగితాలు కొనుక్కుని, సెలవురోజుల్లో కొంచెం కొంచెంగా కట్టుకుంటూ వస్తారు. అందులో పైకి కనిపించని చిక్కు ఒకటుంది... పెట్రోలు పైపులు!

ఇలాంటి విమానాల్లో చాలావాటికి కుడివైపు ఒకటీ ఎడమవైపు ఒకటీ ట్యాంకులుంటాయి. ఏ ట్యాంకులోంచి ఇంజిన్‌కి పెట్రోలు వెళ్లాలో పైలట్ వాల్వు తిప్పి ఎంచుకుంటారు. కొన్ని ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజిన్లలో పంపు అవసరానికి మించి పెట్రోలు తోడుతుంది. మిగిలింది రిటర్న్ పైపులోంచి ట్యాంకులోకి తిరిగొస్తుంది. ఏ ట్యాంకులోకన్నదే ప్రశ్న.

ఉదాహరణకి, కుడి ట్యాంకులో 90 లీటర్లున్నాయి. పంపు గంటకు 50 లీటర్లు తోడుతోంది. ఇంజిన్ 30 వాడుకుంటే, మిగతా 20 ఎడమ ట్యాంకులోకి పోతున్నాయనుకుందాం. అది అప్పటికే నిండుగా ఉంటే ఆ 20 లీటర్లూ గాలిగొట్టంలోంచి బయటికి పొర్లి ఆకాశం పాలే! మూడు గంటలు వస్తుందనుకున్న పెట్రోలు రెండు గంటల్లోపే ఖాళీ. అందుకే ఏ ట్యాంకులోంచి తోడితే అందులోకే తిరిగి చేరాలి. వాల్వు తిప్పగానే రాకా పోకా రెండు దారులూ కలిసి మారేలా అమర్చుకోవాలి.

దారి సరిగ్గా ఉంటే చాలదు, వాల్వు చేతికి అందాలి కూడా. 'టేక్ మీ హోమ్, కంట్రీ రోడ్స్' గాయకుడు జాన్ డెన్వర్ 1997 అక్టోబరు 12న కాలిఫోర్నియా తీరంలో విమానం కూలి కన్నుమూశారు. అది ఓ ఔత్సాహికుడు కట్టిన 'లాంగ్ ఈజీ' రకం. డెన్వర్ అప్పుడే కొనుక్కున్నారు. డిజైన్ ప్రకారం వాల్వు పైలట్ కాళ్ల మధ్య ఉండాలి. పెట్రోలు పైపులు కాక్‌పిట్‌లోకి రాకూడదని, కట్టినాయన దాన్ని పైలట్ ఎడమ భుజం వెనక బిగించారు. ఉద్దేశం మంచిదే! కానీ దాన్ని తిప్పాలంటే ఒళ్లు మెలితిప్పి వెనక్కి తిరగాలి. అలా తిరిగే ప్రయత్నంలో డెన్వర్ కాలు తెలియకుండానే కుడి పెడల్‌ని తొక్కడంతో విమానం అదుపు తప్పిందని దర్యాప్తులో తేల్చారు. గంటసేపే ఎగురుతానంటూ ఆరోజు ఆయన పెట్రోలు కూడా పోయించుకోలేదు.

కాబట్టి పైపులు బిగించకముందే సీట్లో కూర్చుని, బెల్టు పెట్టుకుని, చూపు ముందుకే ఉంచి చెయ్యి చాచి చూసుకోవాలి. వాల్వు అందిందా సరే... లేదంటే నేలమీద ఉండగానే పైపుల దారి మార్చేయాలి.