చిప్‌ని వేడి చేయించొద్దు, కార్డునే ఆపేయండి



అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్‌కి చదువుకుంటున్న మన తమ్ముడొకడు మొన్న ల్యాప్‌టాప్ అమ్మేస్తానన్నాడు. సెకండ్ హ్యాండ్‌ది, గేమింగ్ కార్డున్నది. వాళ్ల నాన్న పత్తి అమ్మిన డబ్బులతో కొనిచ్చింది. మాక్ టెస్ట్ మధ్యలో గీతలొచ్చి స్క్రీన్ నల్లగా అయిపోతోంది. రిపేర్ షాపులో ఒకాయన బోర్డు మొత్తం మార్చాలన్నాడట. ఇంకొకాయన చిప్‌ని వేడి చేసిస్తా, గ్యారంటీ మాత్రం అడగొద్దన్నాడట. రెండూ వద్దనే మేం చెప్పాం.

ఆ చిప్ కింద సన్నని టంకం చుక్కలుంటాయి. వేడెక్కి, చల్లారి, మళ్లీ వేడెక్కి అవి పగులుతాయి. హీట్ గన్ పెడితే కొన్నాళ్లు పనిచేస్తుంది, తర్వాత మళ్లీ మొదటికే. వాడినోళ్ల తప్పే అంటారు గానీ, 2008లో ఎన్‌విడియా కంపెనీయే తన ల్యాప్‌టాప్ చిప్పుల్లో లోపం ఉందని ఒప్పుకుని 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెట్టింది. 2011 మ్యాక్‌బుక్ ప్రోలదీ ఇదే గోల; ఆపిల్ 2015లో ఉచితంగా బాగుచేస్తామని ప్రకటించాల్సి వచ్చింది. మన పాత ల్యాప్‌టాప్‌లకి అలా అడిగే దిక్కెవరు?

అయితే చాలా ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్‌లోనే ఇంకో చిన్న గ్రాఫిక్స్ ఉంటుంది. పీడీఎఫ్‌లకి, వీడియో క్లాసులకి, మాక్ టెస్టులకి అది చాలు. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ తెరిచి చూడండి. రెండు పేర్లుంటేనే పెద్ద కార్డుని డిసేబుల్ చేయండి, ఒక్కటే ఉంటే ముట్టుకోవద్దు. విండోస్ అప్‌డేట్ తర్వాత అది మళ్లీ లేచి కూర్చోవచ్చు. అందుకే బయోస్‌లో గ్రాఫిక్స్ ఎంచుకునే ఆప్షన్ ఉంటే అక్కడే ఆపడం మేలు. లినక్స్ వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: డ్రైవర్‌ని బ్లాక్‌లిస్ట్ చేసినంత మాత్రాన కార్డుకి కరెంట్ ఆగదు. బ్యాటరీ ఇంకా తొందరగా అయిపోవచ్చు కూడా.

నష్టం లేదని మేం అనట్లేదు. కొన్నిటిలో హెచ్‌డీఎంఐ పోర్టు ఆ కార్డుకే కలిపి ఉంటుంది, ప్రొజెక్టర్ పనిచేయదు. క్యాడ్, వీడియో ఎడిటింగ్ నేర్చుకునేవాళ్లకి ఈ సలహా పనికిరాదు. "డబ్బు పెట్టి కొన్నదాన్ని చంపేయడమేంట్రా" అని మాలోనే ఒకరు గొడవపడ్డారు. కానీ ఆ కార్డు ఆల్రెడీ సగం చచ్చిపోయింది కదా, అది మిగతా మెషిన్‌ని కూడా తీసుకుపోతుంటే చూస్తూ ఊరుకోవాలా?

తమ్ముడి దానికి బయోస్‌లో ఆప్షన్ దొరికింది. వారమైంది, ఒక్కసారీ నల్లబడలేదు. ఫ్యాన్ మోత తగ్గింది, లైబ్రరీలో పక్కోళ్లు గుర్రుగా చూడటం మానేశారు.

ఇలాంటివి ఇంకా ఎవరి దగ్గరైనా ఉంటే శనివారం పొద్దున లైబ్రరీ మెట్ల దగ్గరికి తెచ్చుకోండి. ఛార్జర్ మర్చిపోవద్దు.