విజిట్ వీసా: నేరం ఎవరిది? శిక్ష ఎవరికి?

గల్ఫ్‌లో తనిఖీకి దొరికిన మన పిల్లవాడిని అక్కడి పోలీసులు ‘అక్రమ నివాసి’ అంటారు. ఇక్కడి బంధువులు ‘ఖల్లివెల్లి అయ్యాడు’ అంటారు. అతడిని ఆ స్థితికి తెచ్చినవాడికి మాత్రం ఎవరూ ఏ పేరూ పెట్టరు. మధిరలోనైనా ఖమ్మంలోనైనా అతడు మన దావత్‌లలో గౌరవనీయుడైన అతిథే. మేమనేది ఒక్కటే: ఈ అక్రమం దుబాయి విమానాశ్రయంలో పుట్టలేదు. పాస్‌పోర్టూ డబ్బూ చేతులు మారిన నాడే మన ఊళ్ళో పుట్టింది.

1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం, రిజిస్ట్రేషన్ లేని ఏజెంటు ఎవరినీ విదేశీ ఉద్యోగానికి పంపరాదు. ఈ.సి.ఆర్. పాస్‌పోర్టు ఉన్నవారు, అంటే ప్రధానంగా పదో తరగతి పాసు కానివారు, గల్ఫ్ సహా 18 దేశాలకు పనికి వెళ్ళాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తప్పనిసరి. ఆ అనుమతి వెంటే ఉద్యోగ ఒప్పందం నమోదవుతుంది. ప్రమాదంలో మరణిస్తే కుటుంబానికి 10 లక్షల రూపాయల బీమా అందుతుంది. ఏజెంటు సేవా రుసుము, జీఎస్టీ కాక, 30 వేల రూపాయలు మించరాదు.

విజిట్ వీసా ఈ రక్షణలన్నిటినీ ఒక్క దెబ్బతో తుడిచివేస్తుంది. సందర్శకుడికి ఆ అనుమతి అక్కరలేదు గనుక ప్రభుత్వ లెక్కల్లో అతడు కార్మికుడే కాడు. ఒప్పందం లేదు, బీమా లేదు. గడువు దాటితే రోజుల లెక్కన జరిమానా పెరుగుతుంది. ‘ఆజాద్ వీసా’ కథా ఇంతే. అటువంటి వీసా ఏ చట్టంలోనూ లేదు. కఫీల్ ఒకరు, పని మరొకరి దగ్గర. పట్టుబడితే శిక్ష కార్మికుడికే. 2024 సెప్టెంబరు 1 నుంచి డిసెంబరు 31 వరకు యు.ఎ.ఇ. క్షమాభిక్ష అమలు చేసింది. మోసపోయినవాడు అక్కడ క్షమాపణ వేడుకుంటుంటే, మోసగించినవాడు ఇక్కడ కొత్త పాస్‌పోర్టులు పోగుచేసుకుంటాడు. ఇదెక్కడి న్యాయం?

ప్రభుత్వమూ జవాబు చెప్పాలి. ఈ.సి.ఆర్. పాస్‌పోర్టు ఉన్న స్త్రీ 30 ఏళ్ళు నిండకుండా ఈ దేశాలకు పనికి వెళ్ళరాదన్నారు. ఉపాధి చూపని నిషేధం రక్షణ కాదు. అది పేద ఆడబిడ్డను విజిట్ వీసా దారికే నెడుతుంది. ఇక దొంగ ఏజెంటుకు ఆ చట్టం రాసిన గరిష్ఠ శిక్ష రెండేళ్ళ జైలు, రెండు వేల రూపాయల జరిమానా. ఈ జరిమానా ఎవరిని భయపెడుతుంది?

‘మనవాడే కదా, కేసెందుకు?’ అనే పెద్దలకు మా మనవి: మనవాడైతే మన బిడ్డను అమ్ముకోడు. ఈ చట్టం కింద ప్రాసిక్యూషన్‌కు సాధారణంగా కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. కానీ బాధితుడి తరఫున తల్లి, తండ్రి, భార్య, భర్త, కొడుకు, కూతురు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఫిర్యాదు చేస్తే ఆ అనుమతి అవసరం లేదని 27వ సెక్షన్ చెబుతోంది. ఆంధ్ర సరిహద్దున ఉన్న మధిరలో ‘మా పరిధి కాదు’ అన్న మాటకూ తావు లేదు. నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు తీసుకోవాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ఆదేశిస్తోంది.

కనుక ప్రతి మస్జిద్ కమిటీ జుమా నాడు ఈ విషయం చెప్పాలి. ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఉందో లేదో చూడకుండా, వీసా మీద ఏం రాసి ఉందో చదివించుకోకుండా, ఏ ఇల్లూ పాస్‌పోర్టు చేతికివ్వరాదు. పరువు పోతుందని నోరు మూసుకున్న ప్రతి ఇల్లూ పక్కింటి బిడ్డను అదే ఏజెంటుకు అప్పగిస్తోంది.