ఎలుగుబంట్ల సీమలో వంట

కెనడా దేశమున కాల్గరీ నగరమందలి తెలుగు స్నేహితుల యింట రెండుదినము లాతిథ్యము గైకొని, మేము దంపతుల మిరువురమును మోటారుబండిలో పడమటికి బయలుదేరితిమి. సుమారు 130 కిలోమీటర్ల దూరమున బాన్ఫ్ పట్టణము కలదు. దానిచుట్టునున్న రక్షితవనమునకు 1885లో అంకురార్పణమయ్యెను. ఆ దేశమున నట్టివానిలో నదియే మొదటిది.

సోదరీమణులారా! అచట గుడారము వేయుట యెంతసేపు? వంటసామగ్రిని కాపాడుటయే యసలు పని. బియ్యము, నూనె, ఎంగిలిపాత్ర, సబ్బుబిళ్ల, తుదకు పండ్లు తోముకొను పేస్టు - వాసన గలదేదియు గుడారమున గాని బయట గాని యుంచరాదు. బండిలోనో, యినుపపెట్టెలోనో భద్రపరుపవలెను. గిన్నెలు కడిగిన నీళ్లను సయితము నేలపై పోయరాదు. స్నేహితురాలు కట్టియిచ్చిన ఆవకాయజాడీకి రాత్రులు బండిలోనే వాసము!

ఇది మన ప్రాణభయముచేత మాత్రమే యని తలంపవలదు. మనుష్యుల యాహారము మరగిన ఎలుగుబంటి జంకు విడిచి మాటిమాటికి విడుదులకు వచ్చును. అట్టిదానిని తుదకు వనాధికారులే చంపవలసివచ్చుట కలదు. మనము కడుగక విడిచిన గిన్నె యొక మూగజీవమునకు మృత్యువగును.

కావున నొకరు వండుట, మఱియొకరు తిని లేచిపోవుట యను పద్ధతి యచట చెల్లదు. చీకటిపడకమునుపే పని ముగియవలెను. అందుచేత మాలో నొకరు వండుచుండ నొకరు తోముచు, జాస్పరువఱకు హిమశిఖరముల నడుమ నున్న 230 కిలోమీటర్ల మార్గమును సుఖముగా గడిపితిమి.

ఎలుగుబంటి భయము లేకున్నను, ఈ పద్ధతి మన యిండ్లయందును చెల్లదగినదే కదా!