మోకాలు పాడయ్యేదాకా ఆగాలా?

హీమోఫిలియా అనగానే చాలామందికి గాయం నుంచి ఆగకుండా కారే రక్తమే గుర్తొస్తుంది. కానీ ఆ జబ్బుతో బతికేవాళ్లను ఎక్కువగా కుంగదీసేది బయటికి కనిపించని రక్తం. జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లకు దెబ్బేమీ తగలకపోయినా మోకాల్లోనో, మోచేతిలోనో, చీలమండలోనో లోలోపలే కారుతుంది. రాత్రి బాగానే పడుకున్న పిల్లవాడు పొద్దున వాచిన కాలు నేల మీద మోపలేడు. బడి పోతుంది, ఆట పోతుంది. అదే కీలులో పదేపదే రక్తం చేరితే మృదులాస్థి అరిగిపోయి, పాతికేళ్లయినా నిండకుండానే కాలు బిగుసుకుపోతుంది.

రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్రొటీన్లలో ఎనిమిదో ఫ్యాక్టర్ లోపిస్తే ఎ రకం హీమోఫిలియా, తొమ్మిదోది లోపిస్తే బి రకం. ఎ రకం సుమారు 5,000 మంది మగపిల్లల్లో ఒకరికి వస్తుంది. లోపించిన ఫ్యాక్టర్‌ను వారానికి రెండు మూడుసార్లు నరానికి ఎక్కిస్తే కీళ్లలో రక్తస్రావాన్ని చాలావరకు ముందే ఆపవచ్చు. ఎ రకానికైతే ఎమిసిజుమాబ్ అనే మందు కూడా ఉంది. చర్మం కింద ఇచ్చే ఆ సూదిని నాలుగు వారాలకొకసారి వేయించుకున్నా చాలు. మన దగ్గర మాత్రం ఇప్పటికీ చాలామందికి వాపు వచ్చాకే ఫ్యాక్టర్. అదీ బస్సెక్కి పెద్దాసుపత్రికి వెళ్తే, అక్కడ స్టాకుంటే. ఈలోగా కీలుకు జరగాల్సిన నష్టం జరిగిపోతుంది. మందు ఖరీదన్నది నిజమే. కీలుమార్పిడి ఆపరేషన్‌కూ, కూలి మానుకుని ఆసుపత్రి వరండాలో కూర్చునే తల్లి రోజులకూ లెక్క కట్టరేం?

ఆ తల్లికి ఇంకో శిక్ష కూడా ఉంది. జబ్బు తన వైపు నుంచే వచ్చిందని అత్తింట్లో మాటలు పడాలి. నిజానికి దాదాపు మూడోవంతు కుటుంబాల్లో అంతకుముందు ఈ జబ్బు ఆనవాలే ఉండదు.

ఇక చట్టం సంగతి చూస్తే, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాల్లో హీమోఫిలియా, తలసేమియా, సికిల్‌సెల్‌లను చేర్చింది. ఉన్నత విద్యలో కోటా ఇచ్చింది. ప్రభుత్వోద్యోగాల్లోని 4 శాతం కోటాలో మాత్రం రక్తవ్యాధులకు చోటివ్వలేదు. కీళ్లు చెడి, చలన వైకల్యం 40 శాతానికి చేరితేనే హీమోఫిలియా యువకుడు దానికి అర్హుడవుతాడు. వైద్యమూ, చట్టమూ రెండూ అతని మోకాలు పాడయ్యేదాకా ఎదురుచూస్తున్నాయి. నన్ను కలచివేసేది ఇదే.

ఏరియా ఆసుపత్రుల్లో ఎప్పుడూ ఫ్యాక్టర్ నిల్వ ఉండాలి. జబ్బు తీవ్రంగా ఉన్న ప్రతి పసివాడికీ కీళ్లు దెబ్బతినకముందే చికిత్స మొదలుపెట్టాలి, ఇంట్లోనే ఫ్యాక్టర్ ఎక్కించడం తల్లిదండ్రులకు నేర్పాలి. ఉద్యోగాల కోటాలో రక్తవ్యాధులను చేర్చే సవరణను మన ఎంపీలు పార్లమెంటులో అడగాలి.