క్షుద్రసాహిత్యము: నిషేధమా, సమాధానమా?

నలువదియేండ్లనాడు తెలుగుదేశమునకు కంటికి కునుకు లేకుండ జేసిన క్షుద్రసాహిత్యమును మేము మరల చదివితిమి. చేతబడులు, శ్మశానములు, పుఱ్ఱెలు, రక్తతర్పణములు—1980వ దశకమున వారపత్రికలకు ఇవియే పెట్టుబడి. యండమూరి వీరేంద్రనాథ్‌గారి ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో ధారావాహికముగా వెలువడి అసంఖ్యాకులైన పాఠకులను సంపాదించెను. దానికి తరువాయిగా ‘తులసి’ వచ్చెను. 1986లో ‘కాష్మోరా’ చలనచిత్రమును వచ్చెను. ఏలూరునకును తాడేపల్లిగూడెమునకును నడుమనున్న భీమడోలు వంటి యూళ్లకు ఇట్టి కథలను జేర్చినవి అద్దెపుస్తకముల అంగళ్లు.

ఇట్టి వానిని నిషేధింపవలదా యని అడుగువారు నాడును గలరు, నేడును గలరు. ఈ ప్రశ్న మనతో పుట్టినది కాదు. అమెరికాలో ఈ.సి. కామిక్స్ సంస్థ ప్రచురించిన ‘టేల్స్ ఫ్రం ది క్రిప్ట్’ వంటి బీభత్సచిత్రకథలపై 1954లో గొప్ప అలజడి రేగెను. ఫ్రెడరిక్ వెర్థాం అను మనోవైద్యుడు వానిని ఖండించుచు గ్రంథము వ్రాసెను. సెనేటు ఉపసంఘము విచారణ జరిపెను. ప్రచురణకర్తలు తమకు తామే నియమావళి విధించుకొనిరి. 1955లో ఇంగ్లండు శాసనము చేసెను. 1956లో మన పార్లమెంటును అదే త్రోవ ద్రొక్కి, యువజనులకు హానికరములగు ప్రచురణములను గూర్చి చట్టము చేసెను.

న్యాయవాదవృత్తిలో నున్న మాకు ఆ చట్టము విచిత్రముగ దోచును. ఇరువదియేండ్లు నిండనివారెల్లరు అందు యువజనులే. నేరములను, క్రౌర్యమును, జుగుప్సాకరములగు ఘటనలను ప్రధానముగ వర్ణించి వారిని చెఱచు కథలు, బొమ్మలున్నను లేకున్నను, దాని పరిధిలోనివే. అమ్మినవానికి ఆరుమాసముల వఱకు కారాగారము విధింపవచ్చును. ఇంతటి చట్టముండగనే క్షుద్రనవలలు ఇంటింట ప్రవేశించెను! చట్టము భయమును ఆపగలదా?

అసలు ఏ భయమును ఆపవలెను? చందమామలో శవమును భుజమున వైచుకొని నడచు విక్రమార్కుని బొమ్మను చూచి ఎన్ని తరముల పిల్లలు పెరుగలేదు? కొరవిదయ్యముల కథలు వినని పల్లెటూరి పిల్లవాడెవడు? వారందఱు చెడిపోయిరా? కథ కథగా నున్నంతకాలము భయము వినోదమే. మోటుబొమ్మలోని నెత్తురు ఎంత ఎక్కువైన అంత త్వరగా నవ్వు పుట్టించును. పుస్తకము మూసినతోడనే దయ్యమును మూతపడును.

‘తులసిదళం’ పద్ధతి వేఱు. అది మంత్రమును పూర్వకాలపు శ్మశానమునుండి తెచ్చి నేటి గృహస్థుని నట్టింట నిలిపెను. పసిపిల్లపై చేతబడి జరుగుట దాని వస్తువు. వైద్యుని, మాంత్రికుని ఒకే త్రాసున తూచినపుడు చదువరి కథను దాటి లోకములోనికి సందేహమును మోసికొని పోవును. మా అభ్యంతరము నెత్తుటిపై గాదు, ఈ సందేహముపైననే.

దీనికి తగిన జవాబు మన ప్రాంతమునుండియే వచ్చెను. తాడేపల్లిగూడెము చెంత బొమ్మిడి గ్రామమున జన్మించిన రంగనాయకమ్మగారు ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము!’ అని విమర్శగ్రంథము ప్రకటించిరి. ఆ మాట కటువైనది. కాని పుస్తకమునకు పుస్తకముతో బదులు చెప్పుట నాగరికమార్గము.

ఇది సాహిత్యచర్చ మాత్రమే యైన మేమింత వ్రాయకపోదుము. 2021 జనవరిలో మదనపల్లెలో విద్యావంతులైన తలిదండ్రులే, మరల బ్రదుకుదురను నమ్మికతో, తమ యిరువురు కుమార్తెలను చంపిరన్న అభియోగము దేశమును కలచివేసెను. దానికి ఏ నవలనో బాధ్యము చేయుట న్యాయము కాదు. కాని చదువొక్కటే ఈ నమ్మికకు మందు గాదని అది చాటెను. చేతబడి యను వదంతి పుట్టిన పల్లెలో దెబ్బలు తినువారెవరు? దిక్కులేని ముదుసలి, పేదరాలు, వితంతువు. కథలోని మాంత్రికునకు కోటలుండును. వీరికి తలుపు గడియయైన నుండదు.

చట్టము పని ఇచ్చటనే. మూఢవిశ్వాసములపై పోరాడిన నరేంద్ర దభోల్కర్ 2013లో పూణేలో హత్యకు గురియయ్యెను. ఆ యేడే మహారాష్ట్రము, 2017లో కర్ణాటకము శాసనములు చేసినవి. అవి దండించునది కథకుని గాదు. మంత్రతంత్రముల పేర హింసించువానిని, మోసగించువానిని. ఇదియే సరియైన గీత. ఊహకు స్వేచ్ఛ, హింసకు శిక్ష.

కావున చదువరులారా, ఆ పాతపుస్తకములను తగులబెట్టవలదు. గ్రంథాలయమున వానిని, వాని ఖండనను ఒకే బీరువాలో నుంచుడు. పిల్లవాడు భయపడిన కసరక, ఇది ఎట్లు కల్పింపబడెనో విప్పి చెప్పుడు. జ్వరము వచ్చిన ఆసుపత్రికి నడువుడు. పొరుగింటి ముదుసలిపై చేతబడి మాట పుట్టిన, గుంపు చేరకమునుపే ఆమె గుమ్మము చెంత నిలువుడు. అచ్చటనే మన విద్యకు పరీక్ష.